డబ్బా మళ్ళీ ఖరాబైంది

"మీ సర్వీస్ సచ్చిపోయింది."

తలుపు దగ్గర నిలబడి ఈ మాట అన్న అమ్మాయిని సాయిప్రసాద్ అంతకుముందు ఎప్పుడూ చూడలేదు. చెప్పులకు మడి బురద, చేతిలో ఫోను, వానకు తడిసిన చున్నీ. చావు కబురు తెచ్చిన మనిషి ముఖంలో కాస్తయినా ఉండాల్సిన విచారం మాత్రం లేదు.

"సచ్చుడేంది? నా సిస్టమ్‌ల మంచిగనే నడుస్తుంది," అన్నాడు.

"అయితే రైతులందర్ని ఈడికి తోల్కొచ్చి మీ సిస్టమ్ ముంగట లైన్ల నిలబెట్టాల్నా?"

"నా సిస్టమ్‌లో బాగానే నడుస్తోంది" అనేది కంప్యూటర్ చదువులు చదివినవాళ్ళకు బ్రహ్మాస్త్రం. అది వదిలాక ఎదుటివాళ్ళు తలవంచుకుని వెళ్ళిపోవాలి. ఈ అమ్మాయి వెళ్ళలేదు సరికదా, నేరుగా లోపలికొచ్చి అతని కుర్చీలో కూర్చుంది.

బాన్సువాడ బస్టాండ్ వెనక సందులో వరి రైతుల సంఘం ఆఫీసు ఉంది. దాని పై గదిలో సాయిప్రసాద్ కిరాయికి ఉంటున్నాడు. సొంతూరు బిచ్కుంద. హైదరాబాద్‌లో చదువుకుని, వరి ఆకు ఫోటో పంపితే ఏ తెగులు పట్టిందో చెప్పే కంప్యూటర్ మోడల్ ఒకటి తయారు చేసుకుని వచ్చాడు. సంఘంవాళ్ళు ఒక సీజన్ వాడి చూద్దామన్నారు. పెద్ద సర్వర్లు గట్రా ఏమీ లేవు. టేబుల్ కింద ఉన్న అతని సొంత కంప్యూటరే మొత్తం సంఘానికి ఆధారం.

మోడల్‌నీ, అది నడవడానికి కావలసిన సరంజామానంతా ఒకచోట సర్ది మూత పెడితే దాన్ని కంటైనర్ అంటారు. ఎక్కడ పెట్టినా ఒకేలా నడవాలని ఆ ఏర్పాటు. సంఘం రైతులు ఈ వివరమంతా ఓపిగ్గా విని, "అంటే డబ్బా," అని తేల్చేశారు. పేరు పెట్టిన రోజు నుంచి అది పేరుకు తగ్గట్టే ప్రవర్తిస్తోంది.

"ఇంతకు మీరెవలు?" అన్నాడు సాయిప్రసాద్, తన గదిలో తనే నిలబడి.

"గీత. కింద ఆఫీసుల కొత్తగ చేరిన. డబ్బా పలుకకపోతే రైతులు నన్ను తిడుతరు. పొద్దటి సంది నేనే తింటున్న. జర మీరు గూడ తినుండ్రి."

అంటూనే కీబోర్డు మీద టకటకా ఏదో కొట్టింది. తెర మీద వచ్చిన అంకె చూసి నవ్వింది. ఆ నవ్వు సాయిప్రసాద్‌కు నచ్చింది. అది తనని చూసి నవ్విన నవ్వని తర్వాత అర్థమైంది.

"నూటముప్పై ఏడంటే మెమరీ చాలక కంప్యూటరే మీ డబ్బాను సంపేసినట్టు. ఇగో, ఎన్ని ట్యాబులు తెరిసి పెట్టుకున్నరు సార్? క్రికెట్టు... సెకండ్ హ్యాండ్ బుల్లెట్... మల్ల బుల్లెట్... గిదేంది, మల్ల గా బుల్లెట్టే గదా?"

"ఫోటో వేరే."

"రైతులు కావాల్నా బుల్లెట్ కావాల్నా, ఆలోచించుకోండ్రి," అని ట్యాబులన్నీ మూసేసి, డబ్బాను మళ్ళీ లేపి, మెట్లు దిగి వెళ్ళిపోయింది.

సాయిప్రసాద్ తిరిగి తన కుర్చీలో కూర్చున్నాడు. ఎత్తు మార్చేసి వెళ్ళింది. కాళ్ళు గాలిలో వేలాడుతున్నా దాన్ని సరిచేసుకోవాలని అతనికి అనిపించలేదు.

*

రెండోసారి కూడా డబ్బా నిజంగానే ఆగింది. ఆపేశాననుకున్న పాత కంటైనర్ వెనకాల నడుస్తూ దారికి అడ్డంగా కూర్చుంది. ఆ దారినే పోవాల్సిన కొత్తది మొదలుకాలేదు. గీత పైకి వచ్చి పాతదాన్ని తీసి పారేసింది.

"పాతవాటిని సాఫ్ చేస్కోవాలె సార్. మొదలువెట్టుడే ఎర్క గానీ తీసుడు ఎర్కలేదు మీకు," అంది.

ఆ రోజు వాన పడుతుండటంతో వెంటనే దిగలేదు. చాయ్ తాగుతూ కిటికీ దగ్గర నిలబడి తన సంగతి చెప్పింది. హైదరాబాద్‌లో రెండేళ్ళు ఉద్యోగం చేసిందట. కంటైనర్లు చావకుండా కాపలా కాసే పని.

"మంచి నౌకరి గదా. ఎందుకొచ్చిండ్రు?"

"ఆడ నేను లేపిన డబ్బా ఎవలకు పనికొస్తదో నాకెర్కలేకుండె. ఈడ డబ్బా పలికితే మా తండాల ఎవలు ఏ మందు కొట్టాల్నో తెలుస్తది. మా బాపు పేరు దేవదాస్, సంఘంల మెంబరే. ఆయనకు నేనొచ్చుడు ఇష్టంలేదు. 'దసరా దాక చూస్త బిడ్డ, పని నిలవడితే ఉండు, లేకుంటే మల్ల హైదరాబాదే' అన్నడు."

"నిలవడుతదా?"

"మీ డబ్బానడగండ్రి. దసరా ఎల్లినంక మీటింగు. ఆనాడు అందరి ముంగట పలికితే డబ్బా ఉంటది, నేనుంట. పలుకకపోతే ఎవలో హైదరాబాద్ కంపెనీకి ఇస్తరట. వాళ్ళ మనుషులు వాళ్ళకుంటరు. నాతోని పనేముంది?"

మామూలుగా చెప్పి గ్లాసు కిటికీలో పెట్టి వెళ్ళిపోయింది. సాయిప్రసాద్‌కు మాత్రం ఆ సాయంత్రం అన్నం సయించలేదు. ఆమె వెళ్ళిపోతుందన్న ఆలోచనే అతనికి భయం పుట్టించింది. చూసింది రెండుసార్లే కదా అని మనసుకు నచ్చజెప్పబోయాడు. అది వినే రకం కాదు.

ఇక అప్పటినుంచి డబ్బా అద్భుతంగా పనిచేయడం మొదలుపెట్టింది. అసలు చిక్కు అక్కడే వచ్చింది.

డబ్బా బాగుంటే గీతకు మెట్లెక్కే పనిలేదు. కింద ఆమె గొంతు వినిపిస్తుంది, స్కూటీ చప్పుడు వినిపిస్తుంది, మనిషి మాత్రం కనిపించదు. కిందికి దిగి "చాయ్ తాగుదామా" అని అడిగితే సరిపోతుంది. అదంత తేలికైన పనైతే ఈ కథే ఉండేది కాదు. లక్షల ఆకులను గుర్తుపట్టే మోడల్ చేసిన కుర్రాడికి ఆ ఒక్క వాక్యం నోట రాలేదు.

అందుకని ఒక మధ్యాహ్నం, బాగా ఆలోచించి, మోడల్ ఫైలు పేరు మార్చేశాడు. తర్వాత కిందికి ఫోన్ చేశాడు.

"గీత గారూ, డబ్బా ఖరాబైంది."

"మల్లనా?"

"మల్ల."

మెట్ల మీద చప్పుడైంది. సాయిప్రసాద్ గుండెలో కూడా అలాంటి చప్పుడే అయింది. ఆమె వచ్చి తెర చూసింది, ఫైలు పేరు చూసింది, అతని ముఖం చూసింది. పేరు సరిచేసింది.

"పేరు ఎట్ల మారిందో?" అంది నెమ్మదిగా.

"ఏమో. కరెంటు పోయొచ్చింది గదా."

"ఓహో. కరెంటు పోతే పేర్లు మారుతయా? మా ఇంట్ల కరెంటు దినాం పోతది. నేనింకా గీతనే ఉన్న."

సాయిప్రసాద్ చాయ్ పెట్టడానికి స్టవ్ వైపు తిరిగాడు. చెవులు ఎర్రబడ్డాయి.

తర్వాతి వారం నెట్ వైరు ఊడింది. అదీ "అదంతట అదే". గీత టేబుల్ కిందికి వంగి వైరు పెట్టి, పైకి లేస్తూ తల టేబుల్‌కు తగిలించుకుంది. "అబ్బా!" అంది. అతను కంగారుగా నీళ్ళు తెచ్చాడు. తలకు దెబ్బ తగిలితే తాగే నీళ్ళు ఎందుకని ఆమె అడిగింది. ఈ చర్చ సాయంత్రం దాకా సాగింది. ఈ మధ్యలోనే "మీరు" పోయి "నువ్వు" వచ్చింది. ఎవరు ముందు అన్నారో ఇద్దరికీ గుర్తులేదు.

బిచ్కుంద నుంచి తల్లి మంజుల ఫోన్ చేసినప్పుడల్లా కొడుకు డబ్బా గురించి చెప్పేవాడు. డబ్బా కథలో ప్రతిసారీ గీత ఉండేది.

"డబ్బా దినాం ఖరాబైతది, గా పిల్ల దినాం బాగు చేస్తది. మార్చరాదుర గా డబ్బాను?" అంది మంజుల.

"వద్దమ్మా. మంచి డబ్బా."

తల్లి "ఊఁ," అంది.

*

దసరా దగ్గరపడుతుండగా సాయిప్రసాద్ తెగించాడు. ఫైలు పేర్లూ వైర్లూ అయితే నిమిషంలో తేలిపోతున్నాయి. గీత కనీసం ఒక పూట కూర్చోవాల్సిన రోగం కావాలి. బాగా వెతికి ఒకటి పట్టుకున్నాడు.

డబ్బా లోపల మోడల్ ఎవరి పిలుపు వినాలో ఒక చిరునామా రాసి ఉంటుంది. దాన్ని "నా మాట నేనే వింటా" అన్నట్టు మార్చాడు. అలా మారిస్తే డబ్బా లోపలి నుంచి పిలిస్తే పలుకుతుంది, బయటి నుంచి ఎవరు గొంతు చించుకున్నా పలకదు. గదిలో కూర్చుని లోపలి నుంచి గొళ్ళెం పెట్టుకున్న మనిషి లెక్క. పైగా ఈ మార్పును నడుస్తున్న డబ్బాలో కాదు, డబ్బాలు తయారయ్యే అచ్చులోనే చేసి, కొత్తగా ఒకటి దించి పెట్టాడు. రోగం గట్టిగా ఉండాలి కదా.

గీత నిజంగానే ఆ పూటంతా కూర్చుంది. లోపలి నుంచి పిలిచి చూసింది. పలికింది. బయటి నుంచి పిలిచింది. ఉలుకూ లేదు, పలుకూ లేదు.

"లోపట మంచిగనే మాట్లాడుతుంది," అంది. "బయటోళ్ళు పిలిస్తేనే నోరు పెగులతలేదు. గిసోంటోళ్ళు నాకింకొకలు గూడ ఎర్క."

"ఎవలు?"

"ఉన్నరు తియ్యి."

అతని వైపు చూడకుండానే అంది. బయట వాన మొదలైంది. ఇదే సమయం, చెప్పెయ్, అని సాయిప్రసాద్ లోపల ఎవరో అరుస్తున్నారు. లోపల బాగానే వినిపించింది.

"చాయ్ పెట్టాల్నా?" అన్నాడు.

గీత నిట్టూర్చింది. నడుస్తున్న డబ్బా లోపలికి వెళ్ళి అక్కడికక్కడే చిరునామా సరిచేసి, ఒకసారి ఆపి లేపింది. బయటి పిలుపుకి పలికింది.

"అయిపోయిందా?" అన్నాడు నిరాశగా.

"ఇప్పటికి అయింది," అని చున్నీ తల మీద కప్పుకుని వెళ్ళిపోయింది.

*

దసరా వచ్చింది. ఆ రోజు ఊళ్ళో బైకులకూ ట్రాక్టర్లకూ దండలు వేశారు. పనిముట్లన్నీ కడిగి బొట్టు పెట్టి పూజ చేశారు. సాయిప్రసాద్ పనిముట్టు కంప్యూటర్ కాబట్టి దాన్ని దుమ్ము లేకుండా తుడిచి, పసుపు కుంకుమ పెట్టి, కొబ్బరికాయ కొట్టాడు. పై పైన తుడిస్తే సరిపోతుందా అనిపించింది. "పాతవాటిని సాఫ్ చేస్కోవాలె" అన్న మాట గుర్తొచ్చింది. భక్తిశ్రద్ధలతో లోపలున్న కంటైనర్లన్నిటినీ తీసి పారేసి, అచ్చు నుంచి సరికొత్త డబ్బా ఒకటి దింపాడు. లోపలి నుంచి పిలిచి చూశాడు. చక్కగా పలికింది. దండం పెట్టుకున్నాడు.

సాయంత్రం గీత పట్టులంగా ఓణీలో వచ్చింది. అందరిలాగే జమ్మి ఆకు అతని చేతిలో పెట్టి, "బంగారం తీస్కో," అంది.

అతనూ జమ్మి ఇచ్చాడు. వేళ్ళు తగిలాయి. పొద్దుటి నుంచి అద్దం ముందు తయారు చేసుకున్న వాక్యం ఒకటి గొంతు దాకా వచ్చింది.

"డబ్బాను... మంచిగ సాఫ్ చేసిన," అన్నాడు.

"సంతోషం," అంది గీత. ఆమె కళ్ళలో కోపం కనిపించింది. పండుగ పూట ఎందుకో అతనికి అర్థం కాలేదు.

*

పండుగ సెలవుల్లో ఎవరూ ఫోటోలు పంపలేదు. మీటింగు రోజు ఆఫీసు నిండిపోయింది. అధ్యక్షురాలు సీతారావమ్మది వర్ని దగ్గర కాలవ కింద సేద్యం. తాతల నాడు కోస్తా నుంచి వచ్చి స్థిరపడ్డ కుటుంబం. ఆ యాస ఇంకా పోలేదు, ఆ దర్జా కూడా. ముందు వరసలో తెల్ల రుమాలు చుట్టుకుని దేవదాస్ కూర్చున్నాడు. ఇది తన బిడ్డ పరీక్ష అని ఆయనకు తెలుసు.

ఏర్పాటు సులువైనదే. గీత వర్నిలో సీతారావమ్మ పొలం గట్టు మీద నిలబడి ఆకు ఫోటో పంపాలి. ఇక్కడ గోడ మీది తెరపై తెగులు పేరు రావాలి. సాయిప్రసాద్ కంప్యూటర్‌ను కుంకుమ బొట్టుతో సహా కిందికి మోసుకొచ్చాడు.

గీత ఫోటో పంపానని మెసేజ్ పెట్టింది. తెర మీద చిన్న చక్రం తిరిగింది. తిరుగుతూనే ఉంది.

"ఏంటబ్బాయ్, పలకదేంటి?" అంది సీతారావమ్మ.

"ఒక్క నిమిషమమ్మా," అన్నాడు సాయిప్రసాద్. లోపలి నుంచి పిలిచాడు, పలుకుతోంది. ఆపి లేపాడు. చక్రం తిరుగుతూనే ఉంది. గీతకు ఫోన్ చేశాడు.

"గీతా, పలుకుతలేదు."

"ఇయ్యాల గూడనా?" ఆమె గొంతు పదునుగా ఉంది. "అందరి ముంగట గూడ అయే ఆటలా? నా బతుకు నీకు ఆటయిందా సాయిప్రసాద్?"

ఫోన్ పెట్టేసింది. మళ్ళీ చేస్తే ఎత్తలేదు.

గీత ఆటలు అంది. అంటే ఆమెకు అంతా తెలుసన్నమాట. చిన్నప్పుడు విన్న "నాన్నా పులి" కథ నీతి చివరికి సంఘం ఆఫీసులో అర్థమైంది. ఇప్పుడు నిజమైన పులి వచ్చి కుర్చీల మధ్య కూర్చుంది. కేక వేసినా ఆమె రాదు. ఆమె రాకపోతే డబ్బా పలకదు. డబ్బా పలకకపోతే ఆమె హైదరాబాద్ బస్సెక్కుతుంది.

"ఏమాయె పిలగా?" అన్నాడు దేవదాస్.

"ఫోన్ ఎత్తుతలేదు."

"నా బిడ్డ నా ఫోన్ ఎత్తుతది," అని దేవదాస్ తన ఫోన్ కలిపి అతని చేతిలో పెట్టాడు. పాత బటన్ల ఫోన్. స్పీకర్ పెట్టనక్కర్లేదు, మామూలుగా మాట్లాడితేనే బస్టాండ్ దాకా వినిపిస్తుంది.

"బాపూ, చెప్పు."

"నేను, గీతా. కట్ చెయ్యకు, నీ కాళ్ళు మొక్కుత."

"మా బాపు ఫోన్ నీకాడికెట్లొచ్చింది?"

"ఇచ్చిండు. ఒక్క మాట ఇను. ఇది నేను చెయ్యలె. ముందటియన్ని నేనే చేసిన. ఫైల్ పేరు మార్చింది నేనే. వైరు పీకింది నేనే. లోపటికెల్లి గొళ్ళెం పెట్టింది గూడ నేనే. గానీ ఇది నేను చెయ్యలె. ఒట్టు."

వెనక వరసలవాళ్ళు కుర్చీలు ముందుకు జరుపుకున్నారు.

"ఎందుకు చేసినవ్ అయన్ని?"

సాయిప్రసాద్ తలెత్తాడు. సీతారావమ్మ కళ్ళద్దాలు సర్దుకుంటోంది. దేవదాస్ రుమాలు తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు. ఇప్పుడు కరెంటు మీద నెట్టేస్తే ఇంతే సంగతులని అతనికి తెలుసు.

"నువ్వు రావాలని. డబ్బా మంచిగుంటే నువ్వు మెట్లెక్కవు. నువ్వు రాకుంటే నాకు దినం ఎల్లది. నువ్వంటే నాకిష్టం గీతా. మస్తు ఇష్టం. చెప్పరాక డబ్బా ఖరాబు చేసిన."

"అది నాకెర్కనే," అంది గీత. గొంతు మారింది. "ఫైల్ పేరు ఏమన్న ఎల్కలు మార్చినయా? ఇన్ని దినాలకు నోరొచ్చిందా నీకు... సరే, జల్ది చెప్పు. నిన్న మొన్న డబ్బాను ఏమన్న ముట్టినవా?"

"ఏం ముట్టలె. దసరాకు సాఫ్ చేసిన, గంతే."

"సాఫంటే?"

"పాతయన్ని తీసేసి, అచ్చుకెల్లి కొత్తది దించిన."

"ఓరి నీ పూజ పాడుగాను! నేను బాగు చేసింది నడిచే డబ్బా లోపట. దాన్ని తీసి పారేసినవ్. నువ్వు దించిన కొత్తది, నువ్వు గొళ్ళెం పెట్టిన అచ్చుకెల్లే వచ్చింది. అందుకే పలుకుతలేదు."

సాయిప్రసాద్‌కు ఉన్నట్టుండి ఒక అనుమానం వచ్చింది.

"మరి ఆనాడే అచ్చుల ఎందుకు సరిచెయ్యలె? నువ్వు సగం పని చేసేదానివి గాదు గదా?"

అవతల గాలి చప్పుడు.

"గీతా?"

"అచ్చుల సరిచేస్తే మల్ల ఖరాబుగాదు."

"ఖరాబుగావద్దనే గదా..."

"ఖరాబుగాకుంటే నన్నెందుకు పిలుస్తవ్, మొద్దూ?"

సీతారావమ్మ ఫక్కున నవ్వింది. కళ్ళద్దాలు తీసి కొంగుతో తుడుచుకుంది. "మా కాలవ గట్టుకి గండి పడితే పిడికెడు మట్టి అద్ది పోతారు కొందరు, మళ్ళీ పిలుస్తారని. చదువుకున్నవాళ్ళకీ ఆ విద్య వచ్చన్నమాట."

"ఎవలు నవ్వేది?" గీత కంగారుగా అడిగింది. "అయ్యో, స్పీకర్ల పెట్టినవా?"

"లేదు బిడ్డ," అన్నాడు దేవదాస్ తన కుర్చీలోంచే. "నా ఫోనే గంత."

అవతల నుంచి చిన్న కేక వినబడింది. గట్టు మీది నుంచి మడిలోకి జారి ఉంటుందని అందరూ అనుకున్నారు. అదే జరిగింది.

కానీ ఆమె ఫోన్ పెట్టేయలేదు. సిగ్గుతో చచ్చిపోతూనే ఏ ఫైలులో ఏ వరస మార్చాలో చెప్పింది. అతను అచ్చులోనే సరిచేసి, డబ్బాను కొత్తగా దింపాడు. ఈసారి బయటి నుంచి పిలిచి చూశాడు. గీత మళ్ళీ ఫోటో పంపింది. చక్రం తిరిగింది, ఆగింది. గోడ మీద పెద్ద అక్షరాలతో పడింది: అగ్గి తెగులు.

"అదే," అంది సీతారావమ్మ. "నాకు తెలుసు. దానికి తెలుసో లేదో చూద్దామని ఆ మూలకే వెళ్ళమన్నా." తర్వాత గొంతు గట్టిపరిచింది. "ఇక ఇద్దరూ వినండి. రైతులు ఆకు పట్టుకుని ఎదురుచూస్తుంటే మీరు గొళ్ళేలు పెట్టుకుని ఆడుకున్నారు. ఇంకోసారి ఇలా జరిగితే ఇద్దర్నీ మడిలో దించి నాట్లేయిస్తా. డబ్బా ఉంటుంది, అమ్మాయీ ఉంటుంది. కంపెనీవాళ్ళకి వద్దని చెప్పండి. కానీ అబ్బాయ్, ఆ కంప్యూటర్ మళ్ళీ మేడెక్కడానికి వీల్లేదు. ఆ పిల్ల టేబుల్ పక్కనే పెట్టు. ఆ మెట్లే మీ ఇద్దర్నీ పాడుచేశాయి."

అందరూ నవ్వుతూ చాయ్‌కి లేచారు. దేవదాస్ లేవలేదు. సాయిప్రసాద్ ఫోన్ తిరిగిచ్చి ఆయన ముందు నిలబడ్డాడు.

"మాది తండా," అన్నాడు దేవదాస్. "మీది ఊరు. ఇయ్యాల అందరు నవ్విండ్రు, మంచిదే. రేపు మీ అమ్మ నవ్వుతదా?"

"అమ్మకు దసరా నాడే చెప్పిన మామా... అంటే, కాకా."

"ఏమన్నది?"

"గా పిల్లకు చెప్పినవారా అని అడిగింది. ఇంకా లేదంటే అరగంట తిట్టింది."

దేవదాస్ మీసాల కింద నవ్వు దాచుకోవాలని చూశాడు, కుదరలేదు. "ఇద్దరు దొంగలే. దొంగలకు దొంగలే సరిపోతరు. దీపావళి ఎల్లినంక మీ అమ్మనాయినలను తోల్కొని తండాకు రా. మాట్లాడుకుందం." రుమాలు చుట్టుకుని లేస్తూ, "మామా అన్నది ఇన్న," అన్నాడు.

*

గీత వచ్చేసరికి ఆఫీసు ఖాళీ అయింది. మోకాళ్ళ దాకా బురద. సన్నగా వాన పడుతోంది. స్కూటీ ఆపి, లోపలికి రాకుండా మెట్ల దగ్గరే నిలబడి చెప్పుల బురద గీకుతోంది. అతని ముఖం చూడటానికి ఆమెకు మొదటిసారి మొహమాటం కలిగింది.

సాయిప్రసాద్ వెళ్ళి ఎదురుగా నిలబడ్డాడు. అద్దాలూ, తయారీలూ ఏమీ లేవు.

"పొద్దుగాల ఫోన్ల చెప్పిన. ముంగట ఇంకా చెప్పలె. నువ్వంటే నాకిష్టం."

"ఇన్న. తండా తండానే ఇన్నది. మా బాపు అప్పుడే అందరికి ఫోన్లు చేసిండు." తలెత్తింది. కళ్ళు నవ్వుతున్నాయి, కొంచెం తడిగా ఉన్నాయి. "నాకు గూడ ఇష్టమే. వెనకటి సంది."

"కంప్యూటర్ నీ టేబుల్ పక్కన పెట్టమన్నది సీతారావమ్మ. ఇగ మెట్లెక్కే పనిలేదు నీకు."

"మరి పైన చాయ్?"

సాయిప్రసాద్ మెట్ల వైపు చూశాడు. గీత చున్నీతో ముఖం మీది వాన తుడుచుకుంది.

"ఇగ ఏం ఖరాబు చెయ్యకు సాయీ," అంది. "ఏం పని లేకున్నా పిలువు. వస్త."